ఎక్స్‌రే రూములో కొత్తగా డ్యూటీ ఎక్కినవాళ్ళకి

స్లిప్ మీద ఎడమ మోకాలు అని రాసి ఉంటుంది, మనిషేమో కుడికాలు ఈడ్చుకుంటూ లోపలికొస్తాడు. ఇప్పుడేం చేస్తారు? స్లిప్ ప్రకారం తీసి పంపేస్తే మన తప్పేం లేదు అనుకోవచ్చు. కానీ ఆ మనిషికి అక్కర్లేని రేడియేషన్ డోసు పడుతుంది, ఫిల్ము పట్టుకుని మళ్ళీ ఓపీ లైనులో నిలబడతాడు, డాక్టరు తిట్టి వెనక్కి పంపిస్తాడు, అప్పటికి మధ్యాహ్నం రెండవుతుంది, ఊరికి వెళ్ళే బస్సు పోతుంది. డిప్లొమాలో కేవీ, ఎంఏఎస్ (కిరణాల బలం, మోతాదు సెట్ చేసే అంకెలు) బాగానే నేర్పుతారు గానీ ఇలాంటివి ఎవరూ నేర్పరు. అందుకే డీఎంఐటీయో (ఇమేజింగ్ డిప్లొమా) బీఎస్సీయో చేసి ఇప్పుడిప్పుడే ఏరియా ఆసుపత్రిలోనో, ఏదైనా నర్సింగ్ హోమ్‌లోనో చేరినవాళ్ళ కోసం, నేను తప్పులు చేసి నేర్చుకున్నవి కొన్ని రాస్తున్నా.

ముందు పిలవడం దగ్గర నుంచి. "లక్ష్మి ఎవరండీ" అంటే ముగ్గురు లేస్తారు. "మీరేనా లక్ష్మి?" అంటే ముగ్గురూ తలూపుతారు, ఎందుకంటే అరగంట నుంచి బెంచీ మీద కూర్చున్న ఎవరికైనా లోపలికి పోవాలనే ఉంటుంది. పేరు మీరు చెప్పకండి, వాళ్ళతో చెప్పించండి: "పేరేంటమ్మా, వయసెంత, మీ ఆయన పేరేంటి, ఏ డాక్టరు రాశారు?" ఆ నాలుగూ ఓపీ నంబరుతో కలిస్తేనే టేబుల్ ఎక్కించండి. తర్వాత "ఎక్కడ నొప్పి, చేత్తో చూపించు" అనండి, "ఎలా పడ్డావు" అని కూడా అడగండి. చెయ్యి నేలకి ఆనించి పడ్డానని, బొటనవేలి మొదట్లో గుంట దగ్గర నొప్పని చెప్తే, స్లిప్ మీద ఉత్త "రిస్ట్" అని ఉన్నా డాక్టరుకి ఫోన్ కొట్టి స్కెఫాయిడ్ (ఆ గుంట దగ్గరుండే చిన్న ఎముక) వ్యూ కూడా కావాలా అని అడగడం మన పని. సొంతంగా స్లిప్ మార్చేయడం మాత్రం మన పని కాదు. కుడీ ఎడమా తేడా వస్తే ఫోన్ చెయ్యండి, డాక్టరు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

ఆడవాళ్ళ విషయంలో ఇంకో ప్రశ్న ఉంది, కొత్తలో మగపిల్లలందరూ సిగ్గుపడి వదిలేసేది అదే. కడుపుతో ఉందేమో కనుక్కోవాలి. గోడ మీద బోర్డు పెట్టేశాం కదా అని ఊరుకుంటే లాభం లేదు, చదువురానివాళ్ళు వస్తారు, చదువొచ్చినా చదవనివాళ్ళు వస్తారు. అత్తగారో, మొగుడో, పెళ్ళికాని అమ్మాయైతే వాళ్ళమ్మో పక్కనుండగా అడిగితే నిజం బయటికి రాదు. అటెండెంట్లని బయటికి పంపి, వీలైతే సిస్టర్‌తో అడిగించండి. "ప్రెగ్నెన్సీ ఉందా" కంటే "నెల ఎప్పుడొచ్చిందమ్మా, ఏమైనా నీళ్ళోసుకున్నావా" అంటే పల్లెటూరి ఆవిడకి వెంటనే అర్థమవుతుంది. అనుమానం ఉంటే ఆపి డాక్టరుకి చెప్పండి. ఆపెయ్యాలా, అల్ట్రాసౌండ్‌తో సరిపెట్టాలా, ప్రాణం మీదికొచ్చిన కేసు కాబట్టి తియ్యాల్సిందేనా అన్నది వాళ్ళు తేల్చాలి. "గర్భిణికి తియ్యం పొమ్మ"ని మనమే తలుపు దగ్గర నుంచి వెనక్కి పంపడం కూడా తప్పే.

బట్టలు, నగలు, జడ

1895 డిసెంబరులో రాంట్‌జెన్ తన భార్య చెయ్యి ఎక్స్‌రే తీశాడు కదా, అందులో వేలికి ఉంగరం అలాగే ఉండిపోయింది. ఆయన కనిపెట్టినవాడు కాబట్టి చెల్లింది, మనకి చెల్లదు.

ఛాతీ ఎక్స్‌రేలో ఎక్కువ ఇబ్బంది పుస్తెలతాడుతో. తియ్యమంటే కొందరికి కోపం, కొందరికి కళ్ళనీళ్ళు. పోట్లాడకండి. ఉత్త పసుపుతాడు మీద గొడవ అక్కర్లేదు, పుస్తెలు, నల్లపూసలు, గొలుసు మాత్రం ఊపిరితిత్తుల మీద పడకుండా గడ్డం దాకా పైకెత్తి పట్టుకోమంటే చాలామటుకు సరిపోతుంది. ఆ తాడుకి వేలాడే పిన్నీసుల్ని మర్చిపోకండి, ఒక్కో ఆవిడకి నాలుగైదు ఉంటాయి. జాకెట్టు హుక్కులుంటాయి కాబట్టి గౌను ఇచ్చి, మార్చుకోవడానికి తెరచాటు చూపించండి, మగవాళ్ళు తీస్తున్నప్పుడు రూములో ఒక ఆడమనిషి ఉండేలా చూసుకోండి, అది ఆవిడకీ మంచిది మీకూ మంచిది. పిల్లలకైతే తాయెత్తు, మొలతాడు. పాదం ఎక్స్‌రేకి పట్టీలు, మెట్టెలు.

జడ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నూనె రాసి బిగించి అల్లిన జడ భుజం మీంచి ముందుకు పడితే ఊపిరితిత్తి పైభాగంలో నీడలా కనిపిస్తుంది, ఆ చోటు టీబీకి ఇష్టమైన చోటు. నా మొదటి ఏడాదిలో ఒక కాలేజీ అమ్మాయికి అలా నీడొచ్చి, కళ్ళె పరీక్ష దాకా వెళ్ళింది. రెండోసారి తీసినప్పుడు జడ చుట్టి పైకి ముడేస్తే నీడ లేదు. ఆ వారం రోజులు వాళ్ళింట్లో ఎంత టెన్షన్ పడ్డారో తలుచుకుంటే ఇప్పటికీ చిన్నతనంగా ఉంటుంది.

ఛాతీ బాగా తియ్యడం వస్తే సగం పని వచ్చినట్టే

ఏ ఆసుపత్రిలోనైనా ఎక్కువగా తీసేది ఛాతీయే, ఎక్కువగా చెడిపోయేదీ అదే. కిరణాలు వచ్చే ట్యూబుకీ, వాటిని పట్టి బొమ్మ చేసే డిటెక్టరుకీ మధ్య 180 సెంటీమీటర్లు ఉండాలి, గది ఇరుకని ముందుకి జరిపితే గుండె పెద్దదిగా కనిపిస్తుంది. పేషెంట్ ఛాతీని స్టాండుకి ఆనించి, గడ్డం పైకెత్తి, చేతుల వెనకభాగం నడుం మీద పెట్టించి, మోచేతులు ముందుకి తోయించండి, అప్పుడే భుజం రెక్కల ఎముకలు ఊపిరితిత్తుల మీంచి పక్కకి తప్పుకుంటాయి. నిలబడ్డ మనిషి ఒక పక్కకి తిరిగాడో లేదో ఫిల్ములో తెలుసుకోవడం తేలిక: రెండు కాలర్ బోన్ల లోపలి చివరలూ వెన్నుపూస ముళ్ళ వరసకి సమానదూరంలో ఉండాలి.

ఊపిరి దగ్గర తొందరపడకండి. "గాలి పీల్చి బిగబట్టు" అంటే చాలామంది భుజాలు పైకెగరేస్తారు తప్ప పీల్చరు, కొందరు పీల్చి మనం లోపలికి వెళ్ళేలోపు వదిలేస్తారు. అందుకే బటన్ దగ్గరికి వెళ్ళకముందే ఎదురుగా నిలబడి మీరు పీల్చి చూపించి, ఒకసారి వాళ్ళతో చేయించి, అప్పుడు లోపలికెళ్ళి చెప్పండి. హైదరాబాద్ పాతబస్తీ వైపు డ్యూటీ అయితే "సాఁస్ లో, రోకో, ఛోడో" నేర్చుకోవాలి, చిత్తూరు వైపు తమిళంలో, శ్రీకాకుళం సరిహద్దులో ఒడియాలో ఆ మూడు మాటలూ రాసి కన్సోల్ పక్కన అంటించుకుంటే బోలెడు రిపీట్లు తగ్గుతాయి. వెనక పక్కటెముకలు తొమ్మిదో పదో లెక్కకి వస్తే ఊపిరి బాగా తీసుకున్నట్టు. పసిపిల్లలకి చెప్పేదేం ఉండదు, ఏడ్చే బిడ్డ ఏడుపు మధ్యలో గాలి లోపలికి లాక్కునే క్షణం కోసం కాచుకుని నొక్కాలి, అది చేతికి అలవాటవ్వాల్సిందే.

నిలబడలేని వాళ్ళకి పడుకోబెట్టి ఏపీ (కిరణాలు ముందు నుంచి వెనక్కి పోయేలా) తీస్తాం. ఆ మాట ఫిల్ము మీద తప్పకుండా రాయండి, లేకపోతే గుండె వాచిందని ఎవరో ఒకరు అనుకుంటారు. పేగుకి చిల్లు పడిందన్న అనుమానంతో పంపినవాళ్ళని మాత్రం, తట్టుకోగలిగితే, అయిదూ పది నిమిషాలు కూర్చోబెట్టి తర్వాత తియ్యండి. గాలి డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొర) కిందికి చేరడానికి ఆమాత్రం టైమివ్వాలి, స్ట్రెచర్ మీంచి లేపి వెంటనే తీస్తే ఉన్న గాలి కూడా కనపడకపోవచ్చు.

ఇంకొకటి, దగ్గుతూ వచ్చే ప్రతివాడూ మన ఏసీ గదిలోనే, తలుపులు మూసి, మన ముఖానికి అడుగు దూరంలో దగ్గుతాడు. రేడియేషన్‌కి భయపడి దగ్గుకి భయపడనివాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. మీకు మాస్కు, వాళ్ళకి మాస్కు.

ఎముకలు

సూత్రాలు రెండే, ఒకదానికొకటి లంబంగా రెండు వ్యూలు, పొడుగు ఎముక అయితే పైకీలూ కిందికీలూ రెండూ ఫిల్ములోకి రావాలి. ఒక వ్యూలో శుభ్రంగా కనిపించిన ఎముక రెండో వ్యూలో రెండు ముక్కలై ఉండటం రోజూ చూస్తాం. ఎల్, ఆర్ మార్కర్లు ఎక్స్‌పోజర్ కంటే ముందే పెట్టండి, తర్వాత కంప్యూటర్లో పెట్టుకోవచ్చులే అనుకున్నరోజే తప్పు జరుగుతుంది.

విరిగిన చెయ్యిని పుస్తకంలో బొమ్మలా తిప్పాలని చూడకండి. మోచెయ్యి వాచి వంచి పట్టుకుని వచ్చిన పిల్లాడి చేతిని చాచమని లాగితే దగ్గరున్న రక్తనాళం, నరం దెబ్బతినొచ్చు. చెయ్యి ఎలా ఉంటే అలా ఉంచి ట్యూబుని తిప్పండి. తుంటి విరిగిన ముసలావిడ కాలు పక్కకి మడిచి కప్పలా పెట్టించే వ్యూ అడక్కూడదు, బాగున్న కాలు పైకెత్తించి పక్కనుంచి అడ్డంగా తియ్యాలి. మెడకి కాలర్‌తో వచ్చినవాళ్ళ కాలర్ మనం విప్పం, డాక్టరు వచ్చి విప్పమంటేనే. స్ట్రెచర్ మీంచి మార్చేటప్పుడు నలుగురు పట్టాలి, యూరిన్ బ్యాగు, సెలైను, ఛాతీ డ్రెయిను ఎక్కడున్నాయో ముందు చూసుకోవాలి. డ్రెయిన్ ఊడితే ఎక్స్‌రే మాట దేవుడెరుగు.

పుత్తూరు కట్టు కట్టించుకుని, నొప్పి తగ్గక మూడు వారాల తర్వాత వచ్చేవాళ్ళుంటారు. కట్టు మీరు విప్పకండి, వెదురుబద్దల గీతలు ఫిల్ములో పడతాయని డాక్టరుకి చెప్పి, విప్పాలా వద్దా ఆయన్నే అడగండి. పిండికట్టు ఉంటే ఎక్స్‌పోజర్ కాస్త పెంచాలి, తడి ఆరనిదైతే ఇంకాస్త.

పోలీసు కేసైతే తొందర అస్సలు వద్దు. ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) నంబరు, తేదీ, టైము, కుడీఎడమా అన్నీ ఫిల్ము మీదా రిజిస్టర్లోనూ ఒకేలా ఉండాలి. ఏళ్ళ తర్వాత కోర్టులో ఆ ఫిల్మే మాట్లాడుతుంది.

డోసు గురించి, భయాల గురించి

ఫిల్ములూ డార్క్‌రూమూ ఉన్నరోజుల్లో ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఫిల్ము నల్లగా వచ్చి మన బండారం బయటపడేది. ఇప్పుడు డిజిటల్. తక్కువిస్తే గింజగింజలుగా వచ్చి రేడియాలజిస్ట్ కేకలేస్తాడు, ఎక్కువిస్తే బొమ్మ ఇంకా అందంగా వస్తుంది, ఎవరూ ఏమీ అనరు. అందుకే మనకి తెలియకుండానే నెలనెలా ఫ్యాక్టర్లు (ఆ కేవీ, ఎంఏఎస్ అంకెలు) పైకి పోతుంటాయి. మానిటర్ మీద ఎక్స్‌పోజర్ ఇండెక్స్ అని, డిటెక్టర్ మీద ఎంత పడిందో చెప్పే ఒక అంకె వస్తుంది, బొమ్మ కంటే ముందు దాన్ని చూసే అలవాటు చేసుకోండి. పెద్ద ఫీల్డుతో తీసి తర్వాత కంప్యూటర్లో కత్తిరించడం కూడా మోసమే, కిరణాలు పడే మేర తగ్గించే కాలిమేటర్ ముందే బిగించాలి. నా దృష్టిలో మంచి టెక్నీషియన్‌ని గుర్తుపట్టే గుర్తు ఇదొక్కటే, లైటు వెలుగు ఎంత చిన్నగా పెట్టాడు అని.

మన సంగతికొస్తే, ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) లెక్కన మనకి అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (డోసుని కొలిచే లెక్క), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఛాతీ ఎక్స్‌రేతో పేషెంట్‌కి పడేది సుమారు 0.02 నుంచి 0.1 దాకా, పొట్ట సీటీకి దాదాపు 8 నుంచి 10. లెడ్ గ్లాస్ వెనక నిలబడి తీసేవాడికి పడేది బహుతక్కువ. బటన్ వదిలాక గదిలో రేడియేషన్ మిగిలి ఉండదు, గోడలకి అంటుకోదు. "రేడియేషన్ రూములో పనిచేస్తే పిల్లలు పుట్టరట" అని పెళ్ళిచూపుల్లో అడిగినవాళ్ళున్నారు మా వాళ్ళని. జాగ్రత్తగా చేస్తే అలాంటిదేం లేదు, జాగ్రత్త లేకపోతేనే గొడవ.

మనకి పడ్డ డోసుని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జ్ ఛాతీ దగ్గర, సీసం ఆప్రాన్ వేసుకున్నప్పుడు దాని లోపల. ఒకరిది ఇంకొకరు పెట్టుకోకూడదు, మూడు నెలలకోసారి రీడింగుకి పంపించాలి. ఆప్రాన్‌కే తగిలించి ఎక్స్‌రే రూములో వదిలేసి ఇంటికెళ్తే, మీకు పడని డోసు మీ పేరున పడుతుంది, తర్వాత వివరణ రాసుకుంటూ కూర్చోవాలి. కొన్ని చిన్న సెంటర్లలో బ్యాడ్జ్‌లే ఇవ్వరు, చేరేముందే అడగండి, "వచ్చే నెల ఇస్తాం" అంటే ఆ వచ్చే నెల ఎప్పుడో కూడా అడగండి. ఆప్రాన్ మడతపెట్టి కుర్చీ మీద పడెయ్యకండి, లోపల సీసం పొర చీలుతుంది, హ్యాంగర్‌కి తగిలించాలి.

పిల్లల్ని, కదిలే పేషెంట్లని మనం పట్టుకోకూడదు. రోజుకొకర్ని పట్టుకుంటే ఏడాదికి ఎన్నవుతాయో లెక్కేసుకోండి. తల్లో తండ్రో పట్టుకోవాలి, వాళ్ళకి ఆప్రాన్ ఇవ్వాలి, తల్లి మళ్ళీ కడుపుతో ఉంటే ఆవిడ వద్దు. మంచం దగ్గరికే మెషీన్ తీసుకెళ్ళి పోర్టబుల్ తీసేటప్పుడు ఐసీయూలో "ఎక్స్‌రే!" అని గట్టిగా అరిచి, ఆప్రాన్ వేసుకుని, వైరు ఎంత పొడుగుంటే అంత దూరం జరగండి. ఒక మీటరు నుంచి రెండు మీటర్లకి జరిగితే నాలుగో వంతే పడుతుంది, దానికి పైసా ఖర్చు లేదు.

ఆపరేషన్ థియేటర్లో సీ-ఆర్మ్ (ఆపరేషన్ జరుగుతుండగానే ఎక్స్‌రే చూపించే మెషీన్) దగ్గర కథ వేరు, అక్కడ నిజంగానే డోసు పడుతుంది. ట్యూబు టేబుల్ కిందికి, డిటెక్టర్ పైకి ఉండేలా పెట్టండి, చెదిరే కిరణాలు ఎక్కువగా ట్యూబు వైపే వస్తాయి కాబట్టి ముఖం, కళ్ళు కాస్త బతుకుతాయి. పక్కకి తిప్పినప్పుడు డిటెక్టర్ వైపు నిలబడండి. సర్జన్ "షాట్" అంటే ఒక షాట్, కాలు పెడల్ మీద పెట్టి మర్చిపోవడం కాదు. బీమ్‌లో సర్జన్ వేళ్ళు కనిపిస్తే "సార్, చెయ్యి" అని చెప్పడానికి మొదట్లో నోరు రాదు. చెప్పండి.

సీటీ, ఎంఆర్ఐలో వేస్తే

సీటీలో కాంట్రాస్ట్ (లోపలి భాగాలు తేటగా కనపడటానికి ఎక్కించే మందు) ఇంజెక్షన్‌కి ముందు ఇంతకుముందు రియాక్షన్ వచ్చిందా, ఆస్తమా ఉందా, కిడ్నీ సమస్య ఉందా, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా అని అడిగి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూసి, తేడా ఉంటే రేడియాలజిస్ట్‌కి చూపించాలి. నీడిల్ సరిగ్గా ఉందో లేదో సెలైన్‌తో చూసుకున్నాకే ప్రెషర్ ఇంజెక్టర్ తగిలించండి. "ఒళ్ళంతా వేడెక్కుతుంది, మూత్రం పోయినట్టు అనిపిస్తుంది, పోదు, భయపడకండి" అని ముందే చెప్తే సగంమంది కదలకుండా ఉంటారు. డాక్టరు దగ్గర్లో లేకుండా కాంట్రాస్ట్ ఎక్కించొద్దు, ఎమర్జెన్సీ ట్రే మూత తీసి అడ్రినలిన్ ఉందో లేదో డ్యూటీ ఎక్కగానే చూసుకోండి. అయ్యాక అరగంట కూర్చోబెట్టండి.

ఎంఆర్ఐలో అయస్కాంతం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, స్కాన్ జరగకపోయినా, కరెంటు పోయినా. 2018 జనవరిలో ముంబయిలో ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని లోపలికెళ్ళిన పేషెంట్ బంధువుని మెషీన్ లాగేసి ప్రాణం పోయింది. పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, కంట్లో పడిన ఇనుపరజను, ఇవన్నీ పేషెంట్‌నే కాదు, తోడొచ్చినవాళ్ళనీ అడగాలి. ఇందాకటి పిన్నీసులు ఇక్కడ ఒట్టి నీడలు కావు, ఎగిరొచ్చి గుచ్చుకునే వస్తువులు. గౌను మార్పించకుండా ఎవర్నీ పంపకండి.

చిన్న సెంటర్లలో "డాక్టరు గారు లేరు, నువ్వే ఆ ప్రోబ్ పెట్టి చూసెయ్" అంటారు కొందరు. అల్ట్రాసౌండ్ మన పని కాదు, అందులోనూ గర్భిణులకైతే 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం మెడకి చుట్టుకుంటుంది. ఆ ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది.

"విరిగిందా బాబూ?"

అడుగుతారు. మీకు స్పష్టంగా కనపడుతూనే ఉంటుంది. "డాక్టరు గారు చూసి చెప్తారండి" అని మాత్రమే చెప్పండి, ముఖం కూడా మామూలుగా పెట్టుకోండి, వాళ్ళు ఫిల్ముని కాదు మన ముఖాన్నే చదువుతారు. అలాగని అన్నీ లైనులో పంపేయడం కాదు. ఊపిరితిత్తి పక్కకి గాలి చేరి కుంచించుకుపోయింది, డయాఫ్రమ్ కింద గాలి ఉంది, తల సీటీలో తెల్లగా రక్తం కనిపిస్తోంది, ఇలాంటివి చూస్తే పేషెంట్‌ని బెంచీ మీదికి పంపకండి, అప్పటికప్పుడు డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసి, ఎవరికి ఏ టైముకి చెప్పారో రిజిస్టర్లో రాయండి. రాత్రి రెండింటికి ఫోన్ చేసి, తీరా చూస్తే ఏం లేదని తేలిన రోజులు నాకూ ఉన్నాయి. పర్లేదు.

డ్యూటీ దిగేముందు రిపీట్ చేసినవి ఎన్ని, ఎందుకు అని రాసుకోండి, నెల తిరిగేసరికి మీ చెయ్యి ఎక్కడ తప్పుతోందో మీకే తెలుస్తుంది. మెషీన్‌లో ఏ చిన్న ఇబ్బంది వచ్చినా తర్వాతి షిఫ్టువాడికి నోటితో చెప్పి, కాగితం మీద కూడా పెట్టండి. ఆప్రాన్ హ్యాంగర్‌కి. బ్యాడ్జ్ తీసి కంట్రోల్ బ్యాడ్జ్ (పోల్చి చూడటానికి రేడియేషన్ లేని చోట ఉంచేది) పక్కన. చొక్కాకి ఉంచుకుని ఇంటికెళ్ళి, చొక్కాతో పాటు వాషింగ్ మెషీన్లో వేసినవాళ్ళని ఇద్దర్ని చూశా, అందులో ఒకణ్ణి నేనే.